24 గంటలు, ఒక్కదాన్నే: ఓల్డ్ ప్యూబ్లో పోటీకి నా సన్నాహాల డైరీ

సెప్టెంబరు

పేరు నమోదు చేయించుకున్నాను. సోలో, మహిళల విభాగం. ఫిబ్రవరి మధ్యలో ఒక శనివారం మధ్యాహ్నం 12కు మొదలై ఆదివారం మధ్యాహ్నం 12కు ముగిసే మౌంటెన్ బైక్ పోటీ ఇది. పేరు ‘24 అవర్స్ ఇన్ ది ఓల్డ్ ప్యూబ్లో’. అరిజోనాలో టూసాన్ నగరానికి ఉత్తరాన, శాంటా కాటలీనా కొండలకు అవతలి వైపు, ఒరాకిల్ ఊరికి దగ్గర్లో విల్లో స్ప్రింగ్స్ అనే చోట జరుగుతుంది. ఆ వారాంతంలో ఎడారి మధ్య గుడారాలతో, వ్యాన్లతో ఒక ఊరే వెలుస్తుంది. అక్కడ మొదలై అక్కడికే తిరిగివచ్చే దారి పొడవు సుమారు 16 మైళ్లు, అంటే దాదాపు 26 కిలోమీటర్లు. గడువులోపు ఎక్కువ చుట్లు తిరిగినవారిదే గెలుపు. ఎక్కువమంది జట్లుగా ఏర్పడి వంతులవారీగా తొక్కుతారు. మొత్తం ఒక్కరే తొక్కేవాళ్లు కొందరు ఉంటారు. నేను వాళ్లలో చేరుతున్నాను.

1992లో వెస్ట్ వర్జీనియాలోని కెనాన్‌లో లెయిర్డ్ నైట్ ఈ 24 గంటల సైకిల్ పోటీలకు శ్రీకారం చుట్టినప్పుడు అవి జట్ల కోసమే. ఒక్కరే రాత్రంతా తొక్కగలరని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. జాన్ స్టామ్‌స్టాడ్ అనే సైక్లిస్టు తన పేరునే నాలుగు రకాలుగా రాసి, నలుగురి జట్టుగా నమోదు చేయించుకుని, ఒక్కడే తొక్కాడు. సోలో విభాగానికి దారి అలా పడింది. తర్వాత రెబెక్కా రష్ 2007 నుంచి 2009 వరకు వరుసగా మూడుసార్లు 24 గంటల సోలో ప్రపంచ విజేత అయింది. అప్పటికి ఆమె వయసు నలభైకి అటూ ఇటూ. నా వయసూ అదే కాబట్టి ఆమె పేరు తలచుకుంటే నాకు ధైర్యం వస్తుంది. పరుగు పందెంలో పాతికేళ్లవాళ్లతో పోటీ పడలేను. కానీ పద్దెనిమిదో గంటలో నడిపించేది కాళ్ల వేగం కాదు.

లక్ష్యం పది చుట్లు. మైళ్లలో 160, కిలోమీటర్లలో దాదాపు 257. లెక్క వేసుకుంటే విషయం తేటతెల్లమైంది. పగలు, రాత్రి కలిపి నా చుట్టు సగటున రెండుంబావు గంటలు పడుతుందనుకుందాం. పదికి ఇరవై రెండున్నర గంటలు. మిగిలేది గంటన్నర. మధ్యలో ఆగవలసినవి తొమ్మిది సార్లు. అంటే ఒక్కో ఆగడానికి పది నిమిషాలు. అందులోనే తిండి, నీళ్లు, లైట్లు, బట్టలు, చైను, కాలకృత్యాలు అన్నీ. పది బదులు ఇరవై నిమిషాలు ఆగితే మొత్తం మూడు గంటలవుతుంది. పదో చుట్టు చేజారినట్టే.

చుట్టుకు పది నిమిషాల వేగం పెంచాలంటే నెలల తరబడి కాళ్లను అరగదీయాలి, అయినా నమ్మకం లేదు. ఆగిన చోట పది నిమిషాలు తగ్గించాలంటే ఒక బల్ల, ఒక జాబితా, మాట వినే ఇద్దరు మనుషులు చాలు. అందుకే ఈసారి నా ప్రాజెక్టు సైకిల్ తొక్కడం కాదు, ఆగడం. తొక్కడం ఎటూ తప్పదు.

ఆ ఇద్దరు మనుషులు మా ఆయన, మా తమ్ముడు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

అక్టోబరు

సైకిల్ సంగతి. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న బండి తేలిక, ఎత్తులెక్కడానికి హాయి. అయినా రెండువైపులా సస్పెన్షన్ ఉన్న 29 అంగుళాల చక్రాల బండినే ఎంచుకున్నాను. ఈ దారి మరీ రాళ్లమయం కాదు. ఆరు గంటల పోటీ అయితే తేలికపాటి బండే సరైనది. కానీ పదిహేను గంటలు దాటాక నడుము, మణికట్లు తినే ప్రతి చిన్న దెబ్బా లెక్కకొస్తుంది. ఒకటిన్నర కిలో అదనపు బరువు మోయడానికి నేను సిద్ధం. ముందు పళ్లచక్రం 32 పళ్లది తీసి 30ది వేశాను. పగటిపూట దాని అవసరం రాదు. తెల్లవారుజామున మట్టిరోడ్డు గుట్టల మీద ఆ రెండు పళ్లే మోకాళ్లను కాపాడతాయి.

టైర్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ దారికి రెండువైపులా చోయా అనే నాగజెముడు జాతి మొక్కలుంటాయి. వాటి కణుపులు తాకీ తాకకముందే ఊడివచ్చి అంటుకుంటాయి. పల్లేరుకాయను వందింతలు పెంచినట్టుంటుంది ఆ ముళ్ల ఉండ. ప్రతి ముల్లుకూ వెనక్కి తిరిగిన సూక్ష్మమైన కొక్కేలుంటాయి కాబట్టి లోపలికి దిగినంత సులువుగా బయటికి రాదు. చేత్తో లాగితే చేతికి అంటుకుంటుంది. ఇక్కడ ఎడారిలో తొక్కేవాళ్లందరి జేబులోనూ ఒక దువ్వెన ఉంటుంది. ఉండకూ చర్మానికీ మధ్య దువ్వెన పళ్లు దూర్చి, ఒక్క విసురుతో దూరంగా ఎగరగొట్టాలి. మిగిలిపోయిన ముళ్లను పట్టకారుతో తీయాలి. నేను పెద్ద పళ్ల దువ్వెన ఒకటి కొని పిడి సగానికి కోశాను.

ట్యూబ్‌లెస్ టైర్లలో పోసే సీలెంట్ రబ్బరు పాల వంటి ద్రవం. ముల్లు గుచ్చుకున్న చోటికి వెళ్లి గడ్డకట్టి రంధ్రం మూస్తుంది. మేముండే చాండ్లర్ ఎండలకు, ఇక్కడి పొడిగాలికి అది త్వరగా ఆరిపోతుంది. వేసవిలో పోసినదాన్ని ఈ రోజు విప్పి చూస్తే టైరు లోపల పలుచని పొరలా అట్టకట్టి ఉంది, ద్రవం చుక్క కూడా లేదు. పొరను గోకి తీశాను. పోటీకి వారం ముందు మళ్లీ కొత్తది పోయాలని గోడ మీది క్యాలెండరులో రాశాను. గాలి ముందు 22, వెనక 24 పీఎస్‌ఐ.

అక్టోబరు చివర

ఫౌంటెన్ హిల్స్ దగ్గరి మెక్‌డోవెల్ కొండల పార్కులో పెంబర్టన్ అనే చుట్టుదారి ఉంది. 15 మైళ్లు దాటుతుంది. పొడవులోను, నేల తీరులోను పోటీ దారికి దగ్గరగా ఉంటుంది. వారాంతాల్లో అక్కడే అభ్యాసం. ప్రతి చుట్టు చివర కారు దగ్గర ఆగడం, మా ఆయన గడియారం పట్టుకోవడం.

మొదట్లో పావుగంట దాటేది. ఎక్కడ పోతోందో చూస్తే, వెతకడంలో పోతోంది. గ్లవ్స్ ఎక్కడ? ఉప్పు డబ్బా ఎక్కడ? దాంతో ఒక మడత బల్ల కొని, దాని మీద రంగు టేపుతో గళ్లు గీశాం. ఎడమ గడిలో తిండి, మధ్యలో నీళ్లు, కుడివైపు లైట్లు, బ్యాటరీలు. బట్టల సంచులు బల్ల కింద. ఏ వస్తువైనా దాని గడిలో తప్ప ఇంకెక్కడా పెట్టకూడదు. ఇప్పుడు ఆరేడు నిమిషాల్లో తేలిపోతోంది.

కుర్చీ మాత్రం పెట్టనివ్వడం లేదు. కూర్చుంటే లేవబుద్ధి కాదు. వాళ్లిద్దరి కుర్చీలు గుడారం వెనక ఉండాలని, నాకు కనిపించకూడదని చెప్పాను.

నవంబరు

ఈ నెలంతా వంటింటిదే.

ఒంట్లో కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే చక్కెర నాలుగైదు వందల గ్రాములు. అది సుమారు రెండు వేల కేలరీల శక్తి. కొన్ని గంటల్లో అయిపోతుంది. తర్వాత నడిచేది తిన్నదాని మీదే. గ్లూకోజును పేగులు గంటకు 60 గ్రాముల దాకా లోపలికి తీసుకోగలవు. పండ్ల చక్కెర వేరే దారిన వెళుతుంది కాబట్టి రెండూ కలిపితే 90 దాకా పోవచ్చు. నా కడుపు మొండిది కాదు. అందుకే 60 పెట్టుకున్నాను. 24 గంటలకు లెక్కవేస్తే దాదాపు కిలోన్నర పిండిపదార్థం. కొండ తొక్కుతూ, ఊగుతూ, ఎగశ్వాస మధ్య అంతా తినాలి.

దుకాణాల్లో దొరికే జెల్ ప్యాకెట్లు మొదటి ఆరు గంటలు బాగానే దిగుతాయి. ఆ తర్వాత తీపి పేరెత్తితేనే వికారం. ఇది నా ఒక్కదాని బాధ కాదు, రాత్రంతా తొక్కేవాళ్లందరూ చెప్పేదే. అప్పుడు కావలసింది ఉప్పు, పులుపు. ఈ రెండింటిలో మనకు కొరత ఏమిటి?

చింతపండు పులిహోర చేశాను. సోనా మసూరి బియ్యం, ఎప్పటికన్నా కాస్త మెత్తగా. నూనె సగానికి తగ్గించాను, కొవ్వు ఎక్కువైతే కడుపులోంచి కదలదు. పోపులో శనగపప్పు, వేరుశనగలు వేయలేదు. ఇంట్లో తింటే అవే రుచి. నోరెండిపోయి రొప్పుతున్నప్పుడు మాత్రం అవి పంటికింద రాళ్లు. కరివేపాకును వేయించి పొడి చేసి కలిపాను. ఉండలు 80 గ్రాముల చొప్పున తూచి అల్యూమినియం రేకులో చుట్టాను. ఒక్కోదానిలో పిండిపదార్థం 22 గ్రాముల దాకా ఉంటుంది. సీసా నీళ్లలో చక్కెర, నిమ్మరసం, ఒక గ్రాము ఉప్పు. ఆ ఉప్పులో సోడియం 390 మిల్లీగ్రాములు. సీసా, ఉండ, అప్పుడప్పుడు అరటిపండు. గంటకు 60 సరిపోతుంది.

రాత్రికి పెరుగన్నం. దీన్ని సాధించడానికి కొన్ని వారాలు పట్టింది. అన్నాన్ని వేడిగా ఉన్నప్పుడే పాలు పోసి మెత్తగా మెదిపి, ఆరాక తోడుకు సరిపడా పెరుగు కలపాలి. ప్రయాణాలకు అమ్మ కట్టే పద్ధతి ఇదే, పుల్లబడదు. సన్నగా తురిమిన అల్లం, ఉప్పు. పచ్చిమిర్చి వద్దు. దీన్ని జిప్ సంచిలో పోసి, పైన గట్టిగా మూసి, వాడే ముందు ఒక మూల కత్తిరిస్తే పిండుకుని మింగవచ్చు. నమలే పని లేదు. మట్టిరోడ్డు మీద ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని రెండో చేత్తో పిండుకోవడం సాధన చేశాను. మూల మరీ పెద్దగా కోస్తే మోచేతి దాకా కారుతుంది. చిటికెన వేలి గోరంత చాలు.

ఉడికించిన చిన్న బంగాళాదుంపలు, ఉప్పులో దొర్లించినవి, అదనంగా. ఫ్లాస్కులో మిరియాల చారు.

డిసెంబరు

చైనుకు నూనె మానేసి మైనం పూత మొదలుపెట్టాను. నూనె ఎడారి దుమ్మును పట్టుకుని రుబ్బుతుంది. మైనం పొడిగా ఉంటుంది. పాత ఎలక్ట్రిక్ కుక్కరులో పారఫిన్ మైనం కరిగించి, శుభ్రం చేసిన చైనును అందులో ముంచి, తీగకు వేలాడదీస్తే చల్లారేసరికి కర్రలా బిగుసుకుంటుంది. చేత్తో ఒక్కో కణుపు వంచి విడదీయాలి. పోటీకి రెండు చైన్లు. అర్ధరాత్రి ప్రాంతంలో పాతది తీసి కొత్తది వేయడం తమ్ముడి పని. జోడింపు లింకు విప్పే శ్రావణం వాడి మెడలోనే వేలాడుతుంది.

ఇక లైట్లు. ఫిబ్రవరి మధ్యలో అక్కడ సూర్యుడు సాయంత్రం ఆరుంబావుకు ముందే అస్తమించి, ఉదయం ఏడు దాటాక ఉదయిస్తాడు. సగం కంటే ఎక్కువ పోటీ చీకట్లోనే. హ్యాండిల్ మీద ఒకటి, హెల్మెట్ మీద ఒకటి. ఈ రెండింటి పని వేరు. హెల్మెట్ లైటు కంటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి రాయి నీడ రాయి వెనకే దాక్కుంటుంది, నేలంతా చదునుగా కనిపిస్తుంది. హ్యాండిల్ లైటు కిందినుంచి పడుతుంది కాబట్టి ప్రతి గులకరాయికీ నీడ సాగి, గతుకు లోతు తెలుస్తుంది. మలుపుల్లో మాత్రం హ్యాండిల్ ఇంకా తిరగకముందే చూడవలసిన చోట హెల్మెట్ లైటే దిక్కు. ఒక్కటే ఉంచుకోవాల్సివస్తే నేను హ్యాండిల్‌దే ఉంచుకుంటాను.

600 ల్యూమెన్ల వెలుగుకు ఇంచుమించు 6, 7 వాట్లు కావాలి. 13 గంటలకు 90 వాట్ అవర్లు. నా పెద్ద బ్యాటరీ మీద 72 అని ఉంది. లిథియం బ్యాటరీ చలిలో అది కూడా పూర్తిగా ఇవ్వదు. కాబట్టి రెండు పెద్దవి, హెల్మెట్‌కు మూడు చిన్నవి. వాడనివి గుడారంలో దుప్పటి లోపల. అయిపోయేదాకా చూడకుండా రెండు చుట్లకొకసారి కచ్చితంగా మార్చడమే నియమం.

మీసా దగ్గర టోంటో అటవీ భూముల్లో హాస్ దారులున్నాయి. రాత్రి అభ్యాసం అక్కడ. వాగు అడుగుల్లోకి దిగినప్పుడల్లా చల్లగాలి ఒక్కసారిగా మోకాళ్లను కోస్తుంది. గట్టెక్కగానే మళ్లీ వెచ్చన. ఎడారి రాత్రి పొడవునా ఇదే తంతు. పైజాకెట్ జిప్పు పైకి, కిందికి లాగడం తప్ప విప్పడానికి ఆగకూడదు.

జనవరి

చీకటి పడ్డాక మొదలుపెట్టి తెల్లవారేదాకా పూర్తి కసరత్తు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య ఒంటి వేడి అన్నిటికన్నా తగ్గుతుంది, బుద్ధి మందగిస్తుంది. దానికి మందు కాఫీ, కానీ వేళ తెలిసి తాగాలి. కెఫీన్ సగం కరగడానికే ఐదు గంటల దాకా పడుతుంది. సాయంత్రం నుంచి ముట్టకుండా రాత్రి రెండింటికి ఒక చిన్న గ్లాసు, నాలుగున్నరకు మరొకటి. ఇది పనిచేసింది.

ఈ కసరత్తులోనే మనుషుల మధ్య మాటల సంగతి తేలింది. నేను ఆగగానే మా ఆయన ప్రేమకొద్దీ “ఎలా ఉంది? బాగానే ఉన్నావా?” అని అడిగారు. మూడు గంటలకు ఆ ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెడితే ఒంట్లో ప్రతి నొప్పీ గుర్తొస్తుంది. ముగ్గురం కూర్చుని మాట్లాడుకుని ఒక అట్టముక్క మీద రాసుకున్నాం. అడగవలసినవి రెండే. ఏం తిన్నావు? ఎక్కడైనా కోత, పొక్కు, మొద్దు ఉందా? నేను మానేస్తానంటే, ముందు చారు తాగించి, పొడి చొక్కా వేయించి, ఇంకో చుట్టుకు పంపాలి. ఆ చుట్టు తిరిగి వచ్చాక కూడా అదే మాట అంటే అప్పుడు వినాలి. దెబ్బ తగిలినా, మాట తడబడినా, వణుకు ఆగకపోయినా ఈ నియమం చెల్లదు, వెంటనే ఆపేయాలి. ఈ చివరి వాక్యం మా ఆయన చేర్పించారు. నాకు నచ్చింది.

ఫిబ్రవరి, పోటీకి ముందు వారం

సీలెంట్ కొత్తది పోశాను. బ్రేకు ప్యాడ్లు కొత్తవి. నిద్ర, తిండి, చిన్న చిన్న తొక్కుళ్లు. రాత్రి గడ్డకట్టే స్థాయికి దగ్గరగా చలి ఉండవచ్చంటున్నారు. వాన సూచన లేదు.

ఫిబ్రవరి, పోటీ

మొదట అందరూ సైకిళ్లు వదిలి కొన్ని వందల మీటర్లు పరుగెత్తి బండ్లు అందుకోవాలి. నేను నడకకు కాస్త ఎక్కువగా పరుగెత్తాను. తర్వాత మట్టిరోడ్డు మీద వరుస గుట్టలు, నిటారుగా దిగడం, వెంటనే ఎక్కడం. ఆపై చోయా మొక్కల మధ్య సన్నని దారి. చివర్లో మెల్లగా ఎక్కి, గుడారాల ఊరికి ముందు ఒక రాతిగట్టు దిగాలి. అక్కడ జనం మూగి అరుస్తుంటారు. పక్కనుంచి తేలికదారి ఉంది. మొదటి చుట్టు నుంచి చివరిదాకా నేను తేలికదారే పట్టాను.

పగలు లెక్క ప్రకారం సాగింది. నాలుగో చుట్టులో చీకటి. వెనకనుంచి జట్లవాళ్లు దూసుకొస్తూ “ఎడమవైపు!” అని కేకవేస్తారు. దారి ఇచ్చాక చాలామంది “సోలోనా? కానివ్వండి, కానివ్వండి” అంటూ పోతారు. ముక్కూమొహం తెలియని మనిషి మాట చీకట్లో అంత బలం ఇస్తుందని అంతకుముందు నాకు తెలియదు.

అలా దారి ఇస్తున్నప్పుడే ఎడమ పిక్కకు చోయా ఉండ పట్టుకుంది. నిలబడి హెల్మెట్ లైటు దించి చూస్తే ముళ్లు వెండితీగల్లా మెరుస్తున్నాయి, మేజోడును కాలితో కలిపి కుట్టేసినట్టు. దువ్వెన దూర్చి విసిరాను. ఉండ పోయింది. మేజోడు అంచున మూడు ముళ్లు మిగిలాయి. పట్టకారుతో ఒక్కోటి లాగితే చర్మం గుడారంలా పైకి లేచి, టప్పున వదిలింది. ఆ పిక్క తెల్లారేదాకా మండింది కానీ తొక్కుడుకు అడ్డు రాలేదు.

పులిహోర అర్ధరాత్రి దాకా అమృతం. ఆ తర్వాత గొంతు దిగలేదు, పులుపుకు నోరు పూసింది. అక్కడినుంచి పెరుగన్నం, దుంపలు, చారు. తమ్ముడు చైను మార్చిన ఆగుడు అన్నిటికన్నా పొడుగు, పన్నెండు నిమిషాలు. వాడి వేళ్లు చలికి కొంకర్లు పోయాయి.

నాలుగు గంటలకు, ఏడో చుట్టు అయ్యాక, “నా వల్ల కాదురా” అన్నాను. వాడు అట్టముక్క వైపు కూడా చూడలేదు. “అక్కా, మాట్లాడకు. ముందు తాగు” అని గ్లాసు చేతిలో పెట్టాడు. మా ఆయన వెనకనుంచి పొడి చొక్కా అందించారు, బ్యాటరీ మార్చారు, సైకిల్ దారివైపు తిప్పి పెట్టారు. ఎక్కడం తప్ప నేను చేయవలసిన పని ఏదీ మిగల్లేదు. ఎక్కాను. ఆ చుట్టు ముగిసేసరికి ఒరాకిల్ వైపు ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. ఆ ముప్పై పళ్ల చక్రం మీద ప్రతి గుట్టా కూర్చునే ఎక్కాను.

పదో చుట్టు మధ్యాహ్నం 12కు పావుగంట ముందు పూర్తయింది. ఆగిన సమయం మొత్తం గంటా ఇరవై నిమిషాలు.

ఫిబ్రవరి చివర

రెండు చేతుల చిటికెన వేళ్లు, ఉంగరం వేళ్లు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. అరచేతి బయటి అంచున పోయే నరం గంటల తరబడి నొక్కుకుపోతే ఇలా అవుతుంది, కొన్ని వారాల్లో తగ్గుతుందట. వెడల్పు రెక్క ఉన్న గ్రిప్పులు తెప్పించాను. హ్యాండిల్ ఒక సెంటీమీటరు ఎత్తు పెంచాను. విప్పి చూస్తే వెనక టైరులో ముళ్లు గుచ్చుకున్న చోట్లన్నీ గడ్డకట్టి మూసుకుపోయి ఉన్నాయి. గాలి మూడు పీఎస్‌ఐ మాత్రమే తగ్గింది.

వచ్చేసారికి మార్చవలసింది రాత్రి తిండి. పులుపు సాయంత్రంతో ఆపేయాలి. ఇడ్లీని పాలల్లో మెదిపి సంచిలో పోస్తే ఎలా ఉంటుందో ఈ శనివారం పెంబర్టన్ మీద చూస్తాను. బల్ల మీది టేపు గళ్లు చెరపలేదు. తమ్ముడు చైను లింకు చలిలో విప్పడానికి వేళ్లు కోసిన ఉన్ని గ్లవ్స్ కావాలన్నాడు. జాబితాలో చేర్చాను.